ఈ ఇంటి బుట్టలెన్ని

పంతొమ్మిదో బుట్టకు అడుగు అల్లుతుండగా కోటేష్ వచ్చి తల్లి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. పూలి తలెత్తలేదు. కోసి తెచ్చిన దుసేరు తీగ తడి ఆరిందంటే మాట వినదు. చేతిలో వరస పూర్తయ్యేదాకా కొడుకైనా కలెక్టరైనా ఆగవలసిందే. ఏడు నిలువు తీగలను కాలి బొటనవేలి కింద నొక్కిపట్టి, అల్లే తీగను ఒకదాని పైనుంచి, ఒకదాని కిందినుంచి లాగుతూ, రెండు చుట్లకోసారి గోటితో దిగగొడుతోంది. డెబ్బై దాటిన చేతులు. చూపు తగ్గింది గానీ వేళ్లకు దారి తెలుసు.

"యాడీ," అన్నాడు కోటేష్. "ఇంకొకటి అల్లాలె."

"ఎవరింటికి? మోతీలాల్ నాయక్ ఇంటింటికి పోయి అడిగొచ్చిండు. తండా మొత్తానికి పంతొమ్మిది మంది పోరీలు. ఇదే ఆఖరిది."

"మనింటికి."

పూలి చేయి ఆగలేదు. "మనింట్ల పెళ్లిగాని ఆడపిల్ల ఎవరున్నరు?"

కోటేష్ వసారా వైపు చూశాడు. అక్కడ అతని భార్య పుష్ప తీగలకు ఆకులు దూస్తోంది. పక్కన మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని లిఖిత కూర్చుంది. ఖమ్మంలో డిగ్రీ మొదటి సంవత్సరం. భుజాలు దాటిన జుట్టు, చెవులకు చిన్న పోగులు, పసుపురంగు చుడీదార్. రెండేళ్ల కిందటి దాకా పూలికి మనవడు. ఇప్పుడు కొడుకూ కోడలూ 'బిడ్డా' అని పిలుస్తున్నారు. కాలేజీ కాగితాల్లో కూడా లిఖిత అనే రాయించారు. పూలి మాత్రం ఏ పేరుతోనూ పిలవడం లేదు. అన్నానికి పిలవాల్సి వస్తే "ఇగో" అంటుంది. అంతే.

శ్రావణంలో వచ్చే తీజ్ పండుగ పెళ్లికాని ఆడపిల్లలది. పిల్లకో బుట్ట. అందులో పుట్టమన్నూ మేక ఎరువూ కలిపి నింపి, నానిన గోధుమలు చల్లి, మంచె మీద పెట్టి, తొమ్మిది రోజులు పూటపూటా నీళ్లు పోస్తూ పాడతారు. తొమ్మిదో రోజు జానెడెత్తు మొలకలను నెత్తిన పెట్టుకుని వాగుకు పోతారు. పెళ్లయిందంటే బుట్ట ఉండదు. మగపిల్లలకు అసలే లేదు. దమ్మపేట అడవి అంచున ఉన్న ఈ తండాలో నలభై ఏళ్లుగా పూలి చేయి పడని బుట్ట ఆ మంచె ఎక్కలేదు.

"దాదీ," అని లిఖిత వసారాలోంచే అంది. "నేను ఏడేండ్లప్పుడు మంచె కింద పోయి కూసున్న. పైనుంచి నీళ్లు కారుతుంటే తడుసుకుంట కూసున్న. నువ్వే చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చినవ్. యాదికున్నదా?"

"కొట్టిన గూడ."

"అవ్, కొట్టినవ్. అప్పటిసంది అడుగుతనే ఉన్న. సోనికి వచ్చే ఎండాకాలం పెండ్లి. దాని పక్కన ఈ ఒక్క పండుగకన్న నా బుట్ట ఉండాలె."

సోని, తండా పెద్ద మోతీలాల్ నాయక్ మనవరాలు. చిన్నప్పటినుంచీ ఇద్దరిదీ ఒకే జట్టు. పూలి తీగ కొసను నిలువు తీగల మధ్యకు దోపి, పక్కనున్న గొర్రెల కత్తెర తీసుకుని టక్కున కత్తిరించింది. ఆ కత్తెర ఇనుము నల్లబడిపోయింది గానీ అంచు ఇంకా మెరుస్తూనే ఉంది.

"నా చేతులతోని అల్లను," అంది.

"సరే. నేనల్లుత," అన్నాడు కోటేష్.

పూలికి నవ్వొచ్చింది. ఇరవై ఏళ్లుగా భద్రాచలం, ఖమ్మం మధ్య బస్సులో తిరిగే కొడుకు. "టికెట్లు చింపే చేతులు అల్లుతయా?"

"ఇప్పుడు చింపుడెక్కడుంది యాడీ, మిషినే గద," అని లేచి వెళ్లిపోయాడు. వాడు కోపంగా వెళ్లినా బాగుండేది. మామూలుగా వెళ్లాడు. అది పూలికి అసలు నచ్చలేదు.

మర్నాడు పొద్దున్నే తండ్రీ బిడ్డా అడవికి పోయి మోపెడు తీగ తెచ్చారు. పూలి మంచం మీద కూర్చుని దూరం నుంచే చూసి లోలోపల సంబరపడింది. ముదురు తీగ. వేలు లావున, ఎర్రబారి, కణుపు కణుపుకూ ముడులు. దుసేరు తీగలో లేతది వాగు పక్క నీడలో పాకుతుంది, వంగి వెతికితే గానీ దొరకదు. వీళ్లు దారి పక్కన కంటికి కనబడ్డదల్లా కోసుకొచ్చారు. సర్కారు కొలువు చేసేవాళ్లకు వంగడం ఎక్కడొస్తుంది అనుకుంది. చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. ఊరుకుంది.

వాళ్లు వాకిట్లో కూర్చున్నారు. కోటేష్ లుంగీ ఎగగట్టి నిలువు తీగలు పేర్చాడు. మొదటి వంపుకే ఒకటి చిట్లింది. రెండోది వంగింది గానీ వదలగానే లేచి ముఖానికి తగిలింది. పుష్ప నీళ్ల బకెట్ తెచ్చి తీగలను నానబెట్టింది. ముదురు తీగను మూడు రోజులు నానబెట్టినా అది అంతే. పూలికి ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది.

లిఖిత తండ్రిని చూడటం లేదు. పూలి తన ఆఖరి బుట్టకు అంచు కడుతుంటే ఆ వేళ్లనే చూస్తోంది. పూలి బొటనవేలు ఎక్కడ నొక్కితే అక్కడ తనూ నొక్కుతోంది. పూలి చూసీ చూడనట్టు వీపు తిప్పి కూర్చుంది. పిల్ల లేచి వచ్చి మళ్లీ ఎదురుగా కూర్చుంది. రెండుసార్లు తిరిగింది పూలి. రెండుసార్లూ అదే పని.

"సిగ్గులేదా?" అంది పూలి.

"లేదు దాదీ. సిగ్గుపడుకుంట గూసుంటే పద్దెనిమిదేండ్లు అయిపోయినయ్."

మధ్యాహ్నానికి బుట్ట లాంటిది ఒకటి తయారైంది. ఒక పక్కకు ఒరిగింది. అడుగున గోధుమలు కాదు గదా, చింతగింజలు కూడా జారిపోయేంత సందులు. కోటేష్ గడ్డం గీసుకునే బ్లేడుతో తీగ కొసలు కోస్తున్నాడు. బ్లేడు వంగి వేలు తెగింది. పుష్ప గబగబా పసుపు తెచ్చి అద్దింది.

"కత్తెర ఉంది గద. గుడ్డోని లెక్క బ్లేడుతోని ఏంది?" అంది పూలి, కత్తెరను నేలమీద వాడి వైపు తోస్తూ.

కోటేష్ దాన్ని చూశాడు. చేయి చాచలేదు. తీసుకోబోయిన లిఖిత చేతిని కూడా పట్టి ఆపాడు. "అది వద్దు బిడ్డా," అన్నాడు.

అప్పుడే మోతీలాల్ నాయక్ బుట్టలకోసం వచ్చాడు. వెనక సోని రెండు గంపలు పట్టుకుని ఉంది. నాయక్ మంచం మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, వాకిట్లో ఉన్న వంకర బుట్టను చూశాడు. చూసి తల పంకించాడు.

"ఇన్నమ్మా ఇన్న. కోటేష్ ఏమో అడుగుతున్నడంట. నాకేం రంది లేదు పూలక్కా, నువ్వున్నవ్ గద. ఆనాడు నీ పెద్దోడు దేవ్లా లంగా ఓణీ కట్టి తిరుగుతుంటే నువ్వు ఎన్కముందు జూసినవా? తండా ముంగట కూసోబెట్టి జుట్టు గొరిగి బస్సెక్కించినవ్. తల్లంటే గట్లుండాలె. ఇప్పటోళ్లకు పిల్లలంటే భయం. పిల్లలు ఏదంటే దానికి తల ఊపుడే."

ఈ మెచ్చుకోలు పూలికి కొత్త కాదు. ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లలో, పంచాయితీల్లో ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. విన్నప్పుడల్లా కొంగు సర్దుకుని, గడ్డం కొంచెం పైకెత్తేది. ఇవాళ కూడా చేయి అలవాటుగా కొంగు దగ్గరికి పోయింది. ఎదురుగా లిఖిత నాయక్‌ను చూడటం లేదు, పూలినీ చూడటం లేదు. నేలమీది కత్తెరను చూస్తోంది. పూలి చేయి కొంగు మీదే ఆగిపోయింది.

సోని పంతొమ్మిది బుట్టలనూ గంపల్లో సర్దింది. పోతూ పోతూ లిఖిత భుజం మీద చేయి వేసి, "రేపు పొద్దుమీకేటాల్లకు వస్తవ్ గద," అంది, తాత వినేట్టుగానే. నాయక్ విననట్టు నడిచాడు.

వాళ్లు మలుపు తిరిగాక లిఖిత అడిగింది. "దేవ్లా ఎవరు బాపూ?"

"మా అన్న." కోటేష్ తెగిన వేలిని గుప్పిట్లో పట్టుకున్నాడు. "కాదు. మా అక్క. అప్పుడు నాకు ఆ మాట తెల్వదు. నాకు పద్నాలుగేండ్లు. అక్క చేతులు ఎన్కకు పట్టుకోమని యాడి అన్నది. పట్టుకున్న. గుంజుకోలేదు, ఏడవలేదు. కత్తెర ఆడుతున్నంతసేపు మెడ తిప్పి నా దిక్కే చూసింది. అప్పటిసంది గా కత్తెరను నేను ముట్ట."

పుష్ప చేతిలో తీగ అలాగే ఉండిపోయింది. పెళ్లయి ఇరవై ఏళ్లు, భర్తే చేతులు పట్టుకున్నాడన్న మాట ఆమెకూ ఇప్పుడే తెలిసినట్టుంది.

"గప్పుడు అందరు గదే జేసేటోళ్లు," అంది పూలి. గొంతు తనకే గట్టిగా వినిపించింది. "మీ బాపు సచ్చిపోయి ఏడాది గాలే. తండా ఎలివేస్తే ఇద్దరు పిల్లల్ని పట్టుకొని యాడికి పోవాలె?"

"అందరు జెయ్యలే యాడీ. నువ్వు జేసినవ్. నేను పట్టుకున్న." కోటేష్ లేచి నిలబడ్డాడు. "గా భయం నాకు గూడ ఉంది. నాయక్ రేపు ఏమంటడో, డిపోల ఎవరు నవ్వుతరో. అన్నీ ఉన్నయ్. ఉంటే ఉండనియ్. దీని జుట్టు మీద చెయ్యి పడనియ్య. ఎవరి చెయ్యైనా సరే."

కోడిపెట్ట ఒకటి వచ్చి వంకర బుట్టలో కాలు పెట్టి చూసి, నచ్చక వెళ్లిపోయింది.

"ఉన్నడా?" అంది పూలి.

"ఉంది."

"యాడ?"

"కొత్తగూడెంల. కుట్టుమిషిన్ పెట్టుకుంది, జాకెట్లు కుడతది. పదేండ్లాయె, నెలకో రెండు నెలలకో నా బస్సెక్కుతది. డ్రైవర్ ఎన్క సీట్ల కూసుంటది. మంచీ చెడ్డా మందలిచ్చుకుంటం. యాడి కండ్లు మంచిగ కనపడుతున్నయా అని ప్రతిసారి అడుగుతది."

పూలికి ఒళ్లంతా మండింది. పదేళ్లు. తన కడుపున పుట్టిన ఇద్దరూ ఒకే బస్సులో కూర్చుని తన కళ్ల గురించి మాట్లాడుకుంటుంటే, తను ఇక్కడ కూర్చుని ఊరందరి పిల్లలకూ బుట్టలు అల్లింది. "నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే."

ఆ రాత్రి గడిచింది. తెల్లవారి లేచేసరికి పూలి మంచం ఖాళీగా ఉంది, చూరులో కొడవలి లేదు. పుష్ప కంగారుపడి తండా చివరిదాకా పోయి చూసింది. వాన వెలిసిన అడవి దారిలో ముసలి పాదాల గుర్తులు వాగు వైపు పోయాయి.

వాగు ఒడ్డున ఇప్పచెట్ల కింద పూలి నడుం వంచి వెతుకుతోంది. ఆకులు పక్కకు తోసి, చూపుడువేలితో తడిమి, గోరు దిగితే కోస్తోంది, దిగకపోతే వదిలేస్తోంది. కోస్తున్నంతసేపూ తనలో తను తిట్టుకుంది. మోతీలాల్‌ను తిట్టింది, ముదురు తీగ తెచ్చిన కొడుకును తిట్టింది, ఏడవకుండా మెడ తిప్పి చూసిన బిడ్డను తిట్టింది. ఏడిస్తే ఆపేదాన్ని కదా అనుకుంది. అది అబద్ధమని వెంటనే తెలిసింది. ఆ రోజు ఆపేది కాదు. తండా అంతా చూస్తోంది, అందరూ మెచ్చుకుంటున్నారు, చేతికి ఊపు వచ్చేసింది. తడి మన్ను మీద చతికిలబడి పూలి కాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు చీది, ఒక బుట్టకు సరిపడా కోసిన మోపును చూసి, మళ్లీ లేచి ఇంకో బుట్టకు సరిపడా కోసింది.

ఇంటికొచ్చి మోపు దించగానే, "ఇటు రా," అంది లిఖితను. ఇగో అనలేదు. "అడుగు పట్టుకో. గట్టిగ గాదు, పిట్టను పట్టుకున్నట్టు పట్టుకో. మీ బాపు తెచ్చింది ముదురు తీగ, దానితోని దడి కట్టుకోవచ్చు."

"నిన్ననే తెల్సా?" అన్నాడు కోటేష్.

"తెల్సు."

"మరి చెప్పలే."

"నువ్వడగలే," అంది పూలి. పుష్పకు నవ్వాగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

లిఖిత చేతులు త్వరగా నేర్చుకున్నాయి. మూడో చుట్టుకు పూలి చేయి తీసేసింది. పిల్ల అల్లుతుంటే ఒక్కొక్క చోట "దిగగొట్టు" అని మాత్రం అంది. బుట్ట నిలబడింది. కొంచెం పొట్ట ఎక్కువైంది గానీ సందు లేదు. కొస కత్తిరించాల్సి వచ్చినప్పుడు లిఖిత చుట్టూ చూసింది. పూలి కత్తెర తీయలేదు. తీగను నోటి దగ్గరికి తెచ్చుకుని, మిగిలిన నాలుగు పళ్లతో కొరికి తెంపింది.

తర్వాత రెండో మోపు విప్పి, కొత్త నిలువు తీగలు పేర్చడం మొదలుపెట్టింది.

"ఇదెవరికి?" అన్నాడు కోటేష్.

పూలి రెండు చుట్లు అల్లింది. తర్వాత తలెత్తకుండానే, "వాడిప్పుడు ఏం పేరు పెట్టుకున్నడు?" అంది.

"పెట్టుకుంది, యాడీ."

"సరే. ఏం పేరు పెట్టుకుంది?"

"సువర్ణ."

పూలి ఆ పేరును ఒకసారి పెదవులతో పలికి చూసుకుంది. మంచి పేరే అనిపించింది. తను పెట్టి ఉంటే ఇంత మంచిది పెట్టేది కాదేమో.

పొద్దు వాలుతుండగా తండా నడిమి మైదానంలో మంచె చుట్టూ జనం చేరారు. ఈ తండాలో ముళ్లు ముందు, విత్తనం తర్వాత. రేగుకొమ్మ ఒకటి నేలలో పాతి, ఆడపిల్లలు ఒక్కొక్కరుగా నానిన శనగలను దాని ముళ్లకు గుచ్చాలి. బావ వరసైన పోరగాళ్లు కొమ్మ ఊపుతూ ఏడిపిస్తారు. ముల్లు దిగినా కుయ్యి మనకూడదు. సోని గుచ్చింది, మిగతా పిల్లలు గుచ్చారు. కొందరికి నెత్తురొచ్చింది. అందరూ నవ్వారు.

లిఖిత లైనులో చివర నిలబడింది. పుష్ప తన పెళ్లినాటి అద్దాల ఓణీని ఆమెకు వేసింది. తన వంతు రాగానే లిఖిత ముందుకు నడిచింది. పాట ఆగిపోయింది. కొమ్మ పట్టుకున్న పోరగాడు వీరన్న, మోతీలాల్ నాయక్ వైపు చూశాడు. నాయక్ ఏమీ అనకముందే లిఖిత శనగగింజ తీసి ముల్లు మీద ఆనించింది. వీరన్న కొమ్మను ఒక్క గుంజు గుంజాడు. ఆట గుంజుడు కాదది. ముల్లు బొటనవేలి గోరు పక్క నుంచి లోపలికి దిగి విరిగింది. పూలికి తన వేలిలోనే దిగినట్టయింది.

లిఖిత వేలు చూసుకోలేదు. ఇంకో గింజ తీసింది. "గంతేనా బావా?" అంది. "నీళ్ల బిందె మోసే చేతులు నావి. ఇంకొంచెం గట్టిగ ఊపు."

ఎవరో కిసుక్కున నవ్వారు. వీరన్న మళ్లీ గుంజాడు. గింజ గుచ్చుకుంది. మూడోది కూడా గుచ్చుకుంది. ఐదు గింజలూ అయ్యేసరికి వీరన్నే కొమ్మ వదిలేసి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని పక్కకు జరిగాడు. సోని వచ్చి లిఖిత వేలిని నోట్లో పెట్టుకుని ముల్లు ముక్కను పళ్లతో లాగి ఉమ్మేసింది.

ఇక బుట్టలు. ఇంటి పెద్ద ఆడది బుట్టను మంచె మీద పెట్టి పిల్ల పేరు చెప్పాలి. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆ పేరు కలిపి ఒక చరణం పాడాలి. పాడితేనే బుట్ట ఎక్కినట్టు. పంతొమ్మిది పేర్లూ అయ్యాయి. పాట ఎత్తుకునేది పూలే కాబట్టి పంతొమ్మిదిసార్లూ ఆమె గొంతే ముందు లేచింది. తర్వాత వెనక్కి పోయి, పుష్ప చేతిలోని మూట విప్పి, మన్నుతో నింపిన బుట్టను రెండు చేతులతో ఎత్తి మంచె మీద పెట్టింది.

"లిఖిత. నా మనవరాలు."

"పూలక్కా, ఆగు," అన్నాడు మోతీలాల్. గొంతులో కోపం కంటే నమ్మలేకపోవడమే ఎక్కువగా ఉంది. "నువ్వేనా? ఆనాడు గట్ల జేసిన దానివి."

"ఆనాడు జేసిందాన్ని మీరందరు ముప్పయ్యేండ్లు మెచ్చుకున్నరు. మీ మెచ్చుకోలు తిని తిని నాకు కడుపుబ్బరం అయింది. ఇగ చాలు."

పూలి మళ్లీ మూట దగ్గరికి వెళ్లింది. రెండో బుట్ట తెచ్చి మొదటిదాని పక్కన పెట్టింది. ఇది ఆమె ఒక్కతే అల్లింది. అన్నిటికంటే బిగువుగా ఉంది.

"ఇదెవరిది?" అన్నాడు నాయక్.

"సువర్ణ. నా పెద్దబిడ్డ."

పేరు ఎవరికీ తెలియలేదు. తర్వాత ముసలివాళ్లలో ఒకరికి తెలిసింది, ఆమె పక్కావిడ చెవిలో చెప్పింది, నిమిషంలో మైదానమంతా తెలిసిపోయింది. కోటేష్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"దేవ్లాకా?" నాయక్ లేచి నిలబడ్డాడు. "వానికి యాభై దగ్గర పడ్డయ్. గా వయసుకు బుట్టేంది?"

"పెండ్లి జేసినమా?"

"లేదు గని..."

"జెయ్యలే. పెండ్లిగాని బిడ్డలందరికి బుట్ట అని నువ్వే గద ఇంటింటికి తిరిగి అడిగినవ్. మా ఇంటికొచ్చి ఎంతమంది అని ఎందుకడగలే? అడిగితే చెబుతుంటి. ఇద్దరు."

"నువ్వు గిట్ల మొండికేస్తే మిగిలినోళ్లు వాళ్ల బుట్టలు తీసుకపోతరు."

"తీసుకపోనియ్. అన్నీ నేనల్లినయే. తీగ నాది, మన్ను వాళ్లది. తీగ ఇడిసిపెట్టి మన్ను ఒళ్లె పోసుకపొమ్మను."

ఎవరూ కదలలేదు. పాట కూడా రాలేదు. పూలి మంచె కర్ర పట్టుకుని నిలబడింది. భయంగానే ఉంది. ముప్పై ఏళ్ల కిందట ఇదే చోట పడ్డ భయమే ఇది, కొంచెం కూడా తగ్గలేదు. అయినా గొంతు సవరించుకుని చరణం ఎత్తుకుంది. లిఖిత పేరు కలిపి ఒకసారి పాడింది. ఒక్కతే పాడింది. సువర్ణ పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు జీరపోయి మాట విరిగింది. అప్పుడు సోని అందుకుంది. తాత కళ్లలోకి చూస్తూనే అందుకుంది. పుష్ప కలిపింది. కొమ్మ దగ్గర నెత్తురు కారిన పిల్లలు ఇద్దరు కలిపారు. ఆడవాళ్లలో సగం మంది పాడారు, సగం మంది నేల చూశారు. ఇద్దరు తల్లులు తమ బుట్టలు తీసుకుని వెళ్లిపోయారు, మన్నుతో పాటు తీగ కూడా పట్టుకుపోయారు. మోతీలాల్ కండువా దులుపుకుని ఇంటికి నడిచాడు. మంచె మీద పంతొమ్మిది మిగిలాయి.

గోధుమలు చల్లడం అయ్యాక పూలి కొడుకును పిలిచింది. "ఫోన్ కలుపు."

కోటేష్ కలిపి, తల్లి చెవి దగ్గర పెట్టాడు. అవతల కుట్టుమిషను చప్పుడు. "చెప్పు తమ్మీ," అంది ఒక గొంతు. ఆడగొంతూ కాదు, మగగొంతూ కాదు, పూలికి మాత్రం ఎక్కడున్నా పోల్చుకోగల గొంతు.

"నేను," అంది పూలి.

మిషను ఆగింది.

"నీ బుట్ట మంచె మీదున్నది. సువర్ణా అని పేరు చెప్పిన. పాడినరు గూడ. అందరు గాదు, కొంతమందే. తొమ్మిదో నాడు నెత్తిన పెట్టుకొని వాగుకు పోవాలె. రా."

ఫోను కట్టయిందేమోనని కోటేష్ వంగి చూశాడు.

"ఆనాడు తప్పు జేసిన," అంది పూలి.

"జేసినవ్," అంది సువర్ణ. పర్లేదు అనలేదు. "నా జుట్టు నడుము దాక ఉన్నది యాడీ. జడ ఏసుకొనే వస్త. చీరలనే వస్త. ఒక్కరోజుకని మారి రాను."

"మారి రమ్మని ఎవరన్నరు? గట్లనే రా."

"గా కత్తెర ఇంకున్నదా?"

"ఉన్నది."

"నేనొచ్చినప్పుడు నాకియ్యి."

"ఏం జేసుకుంటవ్?"

"నా దగ్గరుంటే ఇంకే పిల్ల జుట్టు మీదికి పోదు."

"తీసుకపో," అంది పూలి. అవతల మిషను మళ్లీ మొదలైంది, సువర్ణ ఫోను మాత్రం పెట్టేయలేదు.

లిఖిత వాగునుంచి బిందె తెచ్చింది. బొటనవేలికి గుడ్డ కట్టి ఉంది. మంచె దగ్గర నిలబడి, రెండు బుట్టల మీదా చూపు తిప్పి, "దాదీ, ముందు దేనికి పొయ్యాలె?" అని అడిగింది.

పూలి చెవి దగ్గర ఫోను అలాగే పట్టుకుని, అవతలివైపు కూడా వినబడేట్టు చెప్పింది.

"పెద్దదానికి ముందు పొయ్యి."